కొత్తగా సంఘం చేపట్టిన అబ్బాయికి

నాయనా,

మొన్న ఫోనులో నువ్వు అడిగినదానికి సగం జవాబే చెప్పగలిగాను. ఇక్కడ మీ పెద్దమ్మ మందుల వేళ అయింది, నీ పక్కనేమో సంఘ పెద్దలు ఉన్నట్టున్నారు. కాగితం మీదైతే తీరిగ్గా చెప్పుకోవచ్చు. నువ్వు ఒకటికి రెండుసార్లు చదువుకుని, నచ్చకపోతే నాతో వాదించవచ్చు కూడా.

నీ ప్రశ్నలు రెండు. పాస్టర్లకు ప్రభుత్వం ఇచ్చే నెలకు 5,000 రూపాయల గౌరవ వేతనానికి దరఖాస్తు పెట్టుకోనా అన్నది ఒకటి. మండలంలో పాస్టర్లందరూ కలిసి ఒక నాయకుడి దగ్గరికి వెళ్ళి మద్దతు చెప్పి వస్తారట, నేనూ వెళ్ళనా అన్నది రెండోది. రెండింటికీ నా మాట వద్దనే. పెద్దవాణ్ణి కదా అని వద్దనేసి ఊరుకోను. నీకు పెళ్ళయింది, చంటిబిడ్డ ఉంది. నీ సంఘంలో ఎక్కువమంది మిరపకోతలకూ పత్తితీతలకూ వెళ్ళేవాళ్ళు. అయిదు వేలంటే నీ ఇంట్లో పాలు, గ్యాసు, కరెంటు బిల్లు. అది తెలిసే చెబుతున్నాను.

ముందు డబ్బు సంగతి. ఆ పథకం 2021లో మొదలైంది. మనకొక్కరికే కాదు, ఇమాములకూ మౌజన్‌లకూ ఉంది, చిన్న గుళ్ళ అర్చకులకు వేరే పద్దు కింద ఉంది. ప్రభుత్వం మారినా తీసెయ్యలేదు. మధ్యలో నెలల తరబడి బకాయి పడినప్పుడు పాస్టర్లు ఆఫీసుల చుట్టూ తిరిగారు. ఫలానా మంత్రికి దండ వేస్తే తొందరగా పడతాయట అని ఒకరితో ఒకరు చెప్పుకోవడం నేను చెవులారా విన్నాను. వాళ్ళు చెడ్డవాళ్ళు కారు. వర్షాకాలంలో సైకిల్ మీద మూడు ఊళ్ళు తిరిగి ప్రార్థన చేసివచ్చే మనుషులు. అలాంటివాళ్ళు ఒక మంత్రి అపాయింట్‌మెంటు కోసం వరండాలో నిలబడటం చూస్తే నా మనసు కలత పడింది.

ఆ డబ్బు ప్రభుత్వం సంపాదించింది కాదు. పక్క వీధి రామాలయం పూజారి కొన్న సబ్బు మీద పన్ను అది. మసీదు ఎదురుగా టీ కొట్టు పెట్టుకున్నవాడు కొన్న సిలిండరు మీద పన్ను అది. వాళ్ళలో ఎవ్వరూ నీ ప్రసంగానికి చందా ఇస్తామనలేదు. ఫలానా మతం పోషణకంటూ ప్రత్యేకంగా కేటాయించే పన్నును ఎవరి చేతా బలవంతంగా కట్టించకూడదని మన రాజ్యాంగం 27వ అధికరణంలో రాసుకున్నాం. అన్ని మతాలవాళ్ళకూ ఇస్తున్నాం కాబట్టి తప్పులేదని ప్రభుత్వం అంటుంది. కోర్టులో ఆ వాదన నిలుస్తుందో లేదో లాయర్లు చూసుకుంటారు. నేను మాట్లాడేది మనస్సాక్షి గురించి. నీ జేబులోంచి పన్ను తీసి, నీ విశ్వాసాన్ని తప్పుపట్టే బోధకుడికి జీతం ఇస్తే నువ్వు సంతోషిస్తావా? సంతోషించవు. మనుషులు మీకు ఏమి చెయ్యాలనుకుంటారో అదే మీరు వాళ్ళకు చెయ్యండని చెప్పిన ప్రభువు సేవకుడివి నువ్వు. ఆ మాట పన్నుల దగ్గర ఆగిపోదు.

ఇదేదో ముసలివాడి చాదస్తం అనుకోకు. మనం బాప్టిస్టులం. ఈ పట్టింపు మన వంశంలో ఉంది. వేదాంత కళాశాలలో నీకు బోధించారో లేదో గాని, మన సంఘాల పుట్టుక కథలో సగం ఈ పోరాటమే.

1630లలో మాసాచుసెట్స్‌లో పాలకులందరూ క్రైస్తవులే, భక్తిపరులే. ఆదివారం ఆరాధనకు రానివాణ్ణి శిక్షించేటంత భక్తి. మనిషి మనస్సాక్షి మీద మేజిస్ట్రేటుకు అధికారం లేదని అన్నందుకు రోజర్ విలియమ్స్‌ను 1635లో వెళ్ళగొట్టారు. అతను చలికాలంలో అడవిన పడి వెళ్ళి, అక్కడి నర్రగాన్‌సెట్ తెగ పెద్దల దగ్గర నేల తీసుకుని, 1636లో ప్రావిడెన్స్ అనే ఊరు కట్టాడు. యూదులకూ తురకలకూ అన్యదేవతలను కొలిచేవాళ్ళకూ కూడా మనస్సాక్షి విషయంలో పూర్తి స్వేచ్ఛ ఉండాలని 1644లో అచ్చువేసి చెప్పాడు. అమెరికాలో మొట్టమొదటి బాప్టిస్టు సంఘం ఆ ఊళ్ళోనే పుట్టింది. 1651లో ఒబదయా హోమ్స్ అనే బాప్టిస్టును బోస్టన్‌లో బహిరంగంగా ముప్పై కొరడా దెబ్బలు కొట్టారు. జరిమానా కడితే వదిలేసేవాళ్ళే. కడితే తప్పు ఒప్పుకున్నట్టవుతుందని కట్టలేదు. కొట్టించినవాళ్ళ చేతిలోనూ బైబిలే ఉంది, ఆ సంగతి గుర్తుపెట్టుకో.

ఆ తర్వాతిది వర్జీనియా. ఈ కథ నీ దరఖాస్తుకు దగ్గరి కథ. అక్కడ లైసెన్సు లేకుండా ప్రసంగించారని 1768 నుంచి బాప్టిస్టు బోధకులను జైల్లో వేస్తూ వచ్చారు. కల్పెపర్ జైల్లో జేమ్స్ ఐర్లాండ్ అనే కుర్ర బోధకుడు కిటికీ ఊచల దగ్గర నిలబడి, బయట గుమికూడిన జనానికి వాక్యం చెప్పేవాడు. గిట్టనివాళ్ళు కిటికీ దగ్గర గంధకం కాల్చి పొగబెట్టారు. అంత జరిగిన తర్వాత కాలం మారింది, దేశానికి స్వాతంత్ర్యం వచ్చింది. 1784లో పాట్రిక్ హెన్రీ శాసనసభకు ఒక బిల్లు తెచ్చాడు. క్రైస్తవ బోధకుల పోషణకు అందరి దగ్గరా పన్ను వసూలు చెయ్యాలి, కట్టినవాడు ఏ సంఘం పేరు చెబితే ఆ సంఘానికి ఇవ్వాలి. అంటే నిన్నటిదాకా జైళ్ళలో మగ్గిన బాప్టిస్టులకూ వాటా ఉంటుంది. న్యాయంగానే ఉంది కదా అనిపిస్తుంది. బాప్టిస్టులు వద్దన్నారు. ఊరూరా సంతకాలు సేకరించి వినతిపత్రాలు పంపారు. సువార్తకు సర్కారు జీతం అక్కర్లేదు, ఈ రోజు జీతమిచ్చిన సర్కారు రేపు బోధకుడెవరో తానే తేలుస్తుంది అన్నది వాళ్ళ వాదన. 1785లో జేమ్స్ మాడిసన్ ఆ బిల్లుకు వ్యతిరేకంగా రాసిన పత్రం వాళ్ళకు పెద్ద అండ అయింది. బిల్లు పడిపోయింది. 1786లో జెఫర్సన్ రాసిన మతస్వేచ్ఛ చట్టం నెగ్గింది. అమెరికా రాజ్యాంగంలో 1791లో చేర్చిన మొదటి సవరణకు ఇదే దారి వేసింది.

ఆ బోధకులు ధనవంతులు కారు. పొగాకు తోటల్లో పనిచేసుకుంటూ ఆదివారం ప్రసంగించేవాళ్ళు చాలామంది. ఆ పన్ను డబ్బు వాళ్ళ ఇళ్ళలోనూ పాలకూ పిండికీ అక్కరకొచ్చేదే.

ఇప్పుడు డల్లాస్‌లో ఉన్న మీ చిన్నాన్న పంపే వీడియోలు నువ్వూ చూస్తున్నావు, నేనూ చూస్తున్నాను. అక్కడి ఎన్నికల్లో ఒక నాయకుణ్ణి కోరెషు రాజుతో పోల్చి, దేవుడు ఏర్పరచుకున్నవాడు ఇతడే అని పుల్పిట్ మీద నిలబడి చెబుతున్నారు. అవతలి పక్షం సంఘాల్లో ఇంకో నాయకుడి పేరు. కోరెషు యూదులను ఇంటికి పంపి మందిరం కట్టుకోమన్నాడు. అందుకు వాళ్ళు అతని పేరు మీద ప్రార్థన మందిరంలో జెండా కట్టలేదు. ఒబదయా హోమ్స్ వీపు మీద పడిన దెబ్బల వారసులు ప్రభుత్వాన్ని తమ చేతిలోకి తీసుకుని ఇతరుల చేత తమ భక్తిని చేయించాలనుకోవడం చూస్తే నాకు బాధగా ఉంది. ఆ వీడియోలను నీ సంఘం వాట్సాప్ గ్రూపులో పెట్టకు. మన కుర్రాళ్ళకు ఒంగోలు ఎమ్మెల్యే పేరు తెలియకపోయినా అమెరికా సెనేటర్ల పేర్లు తెలుస్తున్నాయి. దానివల్ల వాళ్ళకు కలిగేది కోపం తప్ప భక్తి కాదు.

అమెరికా నుంచి మనకు వచ్చిన మంచిని నేను మరచిపోను. ఒంగోలు వచ్చిన మిషనరీ క్లౌ దొర కథ నీకు చిన్నప్పటి నుంచి తెలుసు. అయితే ఆ కథలో జనం గుర్తుపెట్టుకున్నది 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకోవడం. నేను నిన్ను గుర్తుపెట్టుకోమనేది దాని ముందటి ఏడాది. 1876-78 మధ్య ధాత కరువు. మాలపల్లెలు, మాదిగపల్లెలు మాడిపోతున్నాయి. దొరకు సర్వే పని తెలుసు కాబట్టి బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ళ ముక్కను కాంట్రాక్టు తీసుకుని, వేలమందికి తట్టా పారా ఇచ్చి, కొలిచి కూలి ఇచ్చాడు. ప్రభుత్వం డబ్బే అది. కాని తవ్విన మట్టికి ఇచ్చిన కూలి, ప్రార్థనకు ఇచ్చిన కూలి కాదు. ఆ కాలువగట్టు మీద వాక్యం విని, మాకు బాప్తిస్మం ఇవ్వండని వందలమంది అడిగారు. ఆయన ఇవ్వలేదు. కూటి కోసం మతం పుచ్చుకున్నారన్న మాట రాకూడదని, కరువు సాయం నడిచినంతకాలం, ఏడాది పైగా, ఒక్కరికి కూడా బాప్తిస్మం ఇవ్వలేదు. సాయం ముగిసింది, ఇక దొర దగ్గర ఇచ్చేందుకు ఏమీ లేదు. అప్పుడు వాళ్ళు వచ్చారు. గుండ్లకమ్మలో దిగినవాళ్ళు ఏమీ ఆశించకుండా దిగినవాళ్ళు. నూట నలభై ఏళ్ళ తర్వాత కూడా మనల్ని ఎవరైనా బియ్యం క్రైస్తవులంటే తలెత్తి జవాబు చెప్పగలుగుతున్నామంటే, ఆ ఏడాది ఆయన చూపిన ఓపికవల్లే. ఆ తలెత్తుకోవడం నెలకు అయిదు వేలకు పోగొట్టుకునేది కాదు.

ఇక ప్రభుత్వమంటే నాకున్న భయం గురించి. మొదటి సమూయేలు 8వ అధ్యాయం మళ్ళీ చదువు. మాకూ ఒక రాజు కావాలని జనం అడిగితే, సమూయేలు వాళ్ళకు రాజు చేసే పనుల జాబితా చెప్పాడు. కొడుకులను రథాలకు పట్టుకుపోతాడు, కూతుళ్ళను వంటకు పెట్టుకుంటాడు, మంచి పొలాలు, ద్రాక్షతోటలు తీసుకుని తన కొలువువాళ్ళకిస్తాడు, పంటలో పదో వంతు తీసుకుంటాడు. అప్పుడు మీరు మొరపెట్టుకుంటే దేవుడు వినడు. అంతా విని కూడా జనం రాజే కావాలన్నారు. తర్వాత 12వ అధ్యాయంలో అదే సమూయేలు ముసలితనంలో జనం ముందు నిలబడి, నేను ఎవరి ఎద్దునైనా తీసుకున్నానా, ఎవరి గాడిదనైనా పట్టుకున్నానా, ఎవరినైనా అణగదొక్కానా, లంచం తిన్నానా, చెప్పండి అని అడిగాడు. పాలించేవాణ్ణి కొలవడానికి నాకు తెలిసినంతలో ఇంతకంటే మంచి కొలత లేదు. నువ్వు మాకు ఏమేమి ఇచ్చావు అని జనం అడగలేదు. నేను మీ దగ్గర ఏమి తీసుకున్నాను అని ఆయనే అడిగాడు.

మన రాష్ట్రంలో ఈ రెండో ప్రశ్న ఎవరూ అడగడం లేదు. ఒక ప్రభుత్వం చంద్రన్న క్రిస్మస్ కానుక అని సంచిలో పప్పూ బెల్లమూ గోధుమపిండీ పెట్టి ఇచ్చింది. ఇంకో ప్రభుత్వం రైతు తాతముత్తాతల పొలం పట్టాదారు పాసుపుస్తకం మీద ముఖ్యమంత్రి ఫొటో అచ్చువేసింది. పప్పు మన పన్నుదే, పొలం రైతుదే. తెలంగాణలో కూడా డిసెంబరులో ప్రభుత్వం విందులు చేసి బట్టలు పంచుతూ వచ్చింది. ప్రభువు పుట్టిన రోజుకు కానుక ఇచ్చే మనుషులు మన పల్లెల్లో లేకనా?

ఈ ఆలోచన మనకు పరాయిది కూడా కాదు. గుంటూరు జిల్లా నిడుబ్రోలు మనిషి ఎన్.జి.రంగాగారు, రాజాజీతో కలిసి 1959లో స్వతంత్ర పార్టీ పెట్టారు. దానికి మొదటి అధ్యక్షుడు ఆయనే. రైతు భూమిని సహకార వ్యవసాయం పేరుతో కలిపెయ్యవద్దని, మనిషి ఏ పని చెయ్యాలన్నా పర్మిట్ అడుక్కునే రాజ్యం వద్దని పోరాడారు. 1967లో లోక్‌సభలో 44 సీట్లు గెలిచిన పార్టీ అది. ఆ పార్టీ పోయింది, ఆ మాటలు అప్పుడు వినపడినంత గట్టిగా ఇప్పుడు వినపడటం లేదు. అందులో జమీందార్లూ భూస్వాములూ చాలామందే చేరారన్నది నిజం. మనవాళ్ళు దానికి దూరంగా ఉండటానికి అదొక కారణం.

నాబోతు కథ నీకు తెలుసు. ద్రాక్షతోట అమ్మనన్నందుకు అహాబు రాజ్యం అతన్ని రాళ్ళతో చంపింది. తప్పుడు సాక్షులను పెట్టి, తీర్పు చెప్పి, అంతా చట్టప్రకారమే చేసింది. మన పల్లెల్లో నాబోతులు ఎవరు? అసైన్డ్ భూమి ఉన్నవాళ్ళు. ఎకరమో అరెకరమో ప్రభుత్వం పట్టా ఇచ్చింది, 1977 చట్టంతో అమ్ముకోవద్దంది. తనకు కావలసినప్పుడు వెనక్కి తీసుకునే హక్కు మాత్రం తనకే ఉంచుకుంది. అమరావతికి భూములు తీసుకున్నప్పుడు, పట్టా రైతుకు ఇచ్చినంత ప్లాటు అసైన్డ్ రైతుకు ఇవ్వబోమని మొదట తేల్చారు. పేదవాడికి దానం చేశామని చెప్పుకుంటారు గాని, సొంతమని చాలాకాలం రాసివ్వలేదు. నీ సంఘంలో అలాంటి కుటుంబాలు ఉంటాయి. వాళ్ళ కాగితాలు చదివి పెట్టడం, తహసీల్దారు ఆఫీసుకు తోడు వెళ్ళడం నీ పని. పరిచర్యలో అది చిన్న భాగం కాదు.

నువ్వు ఫోనులో ఒక మాటన్నావు. ప్రభుత్వం లేకపోతే మనలాంటివాళ్ళను బతకనిస్తారా పెదనాన్నా అని. ఆ ప్రశ్న నన్ను పడుకోనివ్వలేదు. ఎందుకంటే అది న్యాయమైన ప్రశ్న.

1985 జూలై 17న కారంచేడులో ఏమి జరిగిందో నీకు పుస్తకాల్లో తెలుసు. నాకు నా వయసులో తెలుసు. తాగేనీళ్ళ చెరువు దగ్గర ముందురోజు మొదలైన గొడవ. మర్నాడు పెద్దకులాలవాళ్ళు గొడ్డళ్ళూ కర్రలూ పట్టుకుని మాదిగపల్లె మీద పడ్డారు. ఆరుగురిని చంపారు, ఆడవాళ్ళను చెరిచారు. చచ్చినవాళ్ళలో ప్రార్థనకు వెళ్ళేవాళ్ళు ఉన్నారు. మిగిలినవాళ్ళు చీరాలకు పారిపోయి వచ్చారు. ఆరేళ్ళకు చుండూరులోనూ అలాగే. కారంచేడు కేసులో సుప్రీంకోర్టు ఆఖరి తీర్పు వచ్చేసరికి 2008 అయింది. రాజ్యం కత్తిని ఊరికే ధరించలేదని పౌలు రోమా పత్రిక 13వ అధ్యాయంలో రాసింది ఇలాంటిచోటు కోసమే. మనిషి మీద, అతని ఇంటి మీద, అతని మనస్సాక్షి మీద పడే చేతిని ఆపడం రాజ్యం పని. నేను స్వేచ్ఛ అంటున్నప్పుడు బలవంతుడికి స్వేచ్ఛ అని అనడం లేదు. నాకు రాజ్యం కావాలి. ఆ పల్లెలో ఆ పొద్దున పోలీసు కావాలి. ఇరవై మూడేళ్ళు పట్టని కోర్టు కావాలి. అక్కడ ఆలస్యంగా వచ్చిన రాజ్యం, నా పాస్టరుకు జీతం ఇవ్వడానికీ, నా సంచిలో బెల్లం పెట్టడానికీ, నా పొలం పుస్తకం మీద ఫొటో వెయ్యడానికీ మాత్రం ముందే వస్తుంది. నా ఫిర్యాదు అదీ.

కుల సర్టిఫికెట్ల సంగతి కూడా దీనికి కలిసే ఉంది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వులో మూడో పేరా ప్రకారం హిందువులకే ఎస్సీ హోదా. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవుణ్ణి చేర్చలేదు. మన దగ్గర అతనికి బీసీ-సి, ఒక్క శాతం. 2025లో మన హైకోర్టు, మతం మారిన ఒక పాస్టరుకు అట్రాసిటీ చట్టం రక్షణ వర్తించదంది. జడ్జిగారు ఉన్న చట్టాన్ని చదివి చెప్పారు. దోషం ఆ మూడో పేరాలో ఉంది. కొట్టేవాడు నువ్వు ఎవరికి ప్రార్థన చేస్తావని అడిగి కొట్టడు. కాపాడవలసినవాడు మాత్రం అదే మొదట అడుగుతున్నాడు. దెబ్బకు మతం అంటగట్టే అధికారం ఏ ప్రభుత్వానికీ ఉండకూడదు.

నీ సంఘంలో కుర్రాళ్ళకు ఆదివారం ఒక పేరు, సర్టిఫికెట్లో ఒక పేరు ఉంటుంది. వాళ్ళను పుల్పిట్ మీద నుంచి నిందించకు. అది పిరికితనమని నువ్వు గర్జిస్తే, ఈఏపీసెట్ సీటు కోసం చదువుతున్న పిల్ల వెనక బల్ల మీద కూర్చుని ఏడుస్తుంది. అలాగని అబద్ధం ఆడినా పర్వాలేదని కూడా నేర్పకు. ఇంటికి వెళ్ళి, తల్లిదండ్రులతో కూర్చుని, ఏది పోతుందో ఏది మిగులుతుందో చెప్పి, నిర్ణయం వాళ్ళకు వదిలెయ్యి. ఏది తీసుకున్నా వాళ్ళు నీ గొర్రెలే.

మనకు కావలసిన స్వేచ్ఛ పొరుగువాడికీ ఉండాలి. దేవాదాయ శాఖ గుళ్ళ హుండీ లెక్కలు చూడటం, టీటీడీ బోర్డును పార్టీ మనుషులతో నింపడం చూసి మనవాళ్ళు కొందరు మనకేం పోయిందని అంటారు. అనకు. 1987 దేవాదాయ చట్టం కింద గుడి మీద ఉన్న చెయ్యి రేపు చర్చి మీదికి రాదన్న హామీ ఏముంది? గుడి భక్తులది, మసీదు నమాజు చేసేవాళ్ళది, చర్చి మనది. అలాగే తిరుమల కొండ మీద కరపత్రాలు పంచడాన్ని నేను సమర్థించను. దానికి 2007లో చట్టం తెచ్చారు. చట్టం లేకపోయినా అది చెయ్యరాని పని. వాళ్ళు మొక్కు తీర్చుకోవడానికి వెళ్ళిన చోటది. నీ సువార్త వినాలనుకున్నవాడు నీ గుమ్మం దాకా వస్తాడు, లేదా నువ్వు అతని ఇంటి గుమ్మం దగ్గర అడిగి లోపలికి వెళ్ళు. ఉత్తరాది రాష్ట్రాల్లోనూ కర్ణాటకలోనూ వచ్చిన మతమార్పిడి చట్టాలను మనం ఎదిరిస్తున్నాం కదా. మతం మారేవాడు కలెక్టరుకు ముందే చెప్పాలనడం అన్యాయమని గట్టిగా అనాలంటే, ఇతరుల చోటును మనం ముందు గౌరవించి ఉండాలి.

మద్యం గురించి ఒక్కమాట. మీ పాస్టర్ల సభలో సంపూర్ణ నిషేధం కోరుతూ తీర్మానం చేస్తున్నారని విన్నాను. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా కొట్లు మూయించారు. చేతులు కలిపి నిలబడి మూయించారు. 1995లో సంపూర్ణ నిషేధం రాష్ట్రమంతా చట్టమయ్యాక ఎక్సైజువాళ్ళ చేతికి వెళ్ళింది, పొరుగు రాష్ట్రం సీసాలు వచ్చాయి, 1997లో ఎత్తేశారు. 2019లో ప్రభుత్వమే దుకాణం పెట్టుకుని అమ్మింది. తాగుబోతు ఇంటికి నువ్వు వెళ్ళడం మానేసి ప్రభుత్వానికి తీర్మానం పంపితే ఏమి లాభం?

ఇప్పుడు ఆ నాయకుడి దగ్గరికి వెళ్ళే సంగతి. కిందటి డిసెంబరులో ఒక టౌనులో సెమీ క్రిస్మస్‌కు నన్ను పిలిచారు. స్టేజీ వెనక ఫ్లెక్సీ. దాని మీద నక్షత్రం అరచెయ్యంత, నాయకుడి ముఖం ద్వారబంధమంత. వాక్యం అట్టడుగున, కుర్చీలు అడ్డం వచ్చి కనపడలేదు. నాయకుడు గంటన్నర ఆలస్యంగా వచ్చాడు. అంతదాకా పిల్లలు దేవదూతల రెక్కలు కట్టుకుని చలిలో నిలబడ్డారు. ఆయన కేకు కోసి, ఒక ముక్క పాస్టరుగారి నోట్లో పెట్టాడు. ఫొటోలు తీశారు. ఆయన వెళ్ళగానే సగం హాలు ఖాళీ. పిల్లల నాటిక చూడటానికి వాళ్ళ అమ్మలు మిగిలారు. ఆ పాస్టరుగారు మంచివాడు, చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. మర్నాటికల్లా అవతలి పార్టీవాళ్ళు ఆ సంఘం మా సంఘం కాదన్నారు. ఎన్నికలయ్యాక అక్కడ ఆరాధన రెండు చోట్ల జరుగుతోంది.

అయిదు వేలమందికి రొట్టెలు పెట్టిన తర్వాత, జనం తనను పట్టుకుని రాజును చెయ్యబోతున్నారని తెలిసి ప్రభువు ఒంటరిగా కొండకు వెళ్ళిపోయాడు. యోహాను 6వ అధ్యాయం. ఆయన అక్కడే ఉండి ఒప్పుకుని ఉంటే ఎన్ని మంచి పనులు చేయించుకోవచ్చో అని శిష్యులు అనుకునే ఉంటారు.

నువ్వు ఓటెయ్యి, సంఘాన్నీ వెయ్యమను. ఎవరికి అన్నది నీ నోటి నుంచి రాకూడదు. ఆ నాయకుడు నీ ఆరాధనకు వస్తే అందరితో పాటు కూర్చోబెట్టు, పాటల పుస్తకం చేతికివ్వు, అతని కోసం పేరు చెప్పి ప్రార్థించు. మైకు మాత్రం ఇవ్వకు. అవతలి పార్టీవాడు వచ్చినా అంతే. పాస్టర్ల ఫెలోషిప్‌లో నీ తోటివాళ్ళు నొచ్చుకుంటారు. వాళ్ళతో తగవు పెట్టుకోకు, వాళ్ళ మీద ఇంకొకరి దగ్గర చెప్పకు. ఆ వేతనం తీసుకుంటున్నవాళ్ళను చిన్నచూపు చూడకు, వాళ్ళ ఇంటి కష్టం నీకు తెలియదు. నీ వరకు నువ్వు, నా మనస్సాక్షి ఒప్పుకోలేదన్నా అని చెప్పి ఊరుకో.

మరి ఇల్లు గడవడం ఎలా అంటావు. సువార్త ప్రకటించేవాడు సువార్త వల్ల జీవించవచ్చని రాసిన పౌలే కొరింథులో అకుల, ప్రిస్కిల్లలతో కూర్చుని డేరాలు కుట్టాడు. నీకు బీఎడ్ ఉంది. సాయంత్రం పిల్లలకు లెక్కలు చెప్పు, అన్ని వీధుల పిల్లలకూ. మన సంఘాల్లో ఆడవాళ్ళు అన్నం వండేటప్పుడు గుప్పెడు బియ్యం తీసి డబ్బాలో వేసి ఆదివారం తెచ్చేవాళ్ళు. ఇప్పుడు చాలాచోట్ల ఆగిపోయింది. మీ ఊళ్ళో మళ్ళీ మొదలుపెట్టించు. కోతల పండుగకు కోడో గుమ్మడికాయో తెస్తే వేలం వెయ్యి. ఎంత వచ్చిందీ ఎంత ఖర్చయిందీ కాగితం మీద రాసి చర్చి తలుపుకు అంటించు, ప్రతి నెలా. తమ డబ్బు ఎటు పోతోందో కళ్ళారా చూసిన కూలి మనిషి ఇచ్చినంత ధారాళంగా ఎవ్వరూ ఇవ్వరు. నేను సంఘ పెద్దగా ఉన్న రోజుల్లో చూసి చెబుతున్నాను.

దరఖాస్తు తేదీ దాటిపోతుందని కంగారుపడకు. ముందు నీ భార్యతో మాట్లాడు, ఆమె మాట విన్నాకే సంఘ పెద్దలకు చెప్పు. ఈ నెల నుంచి మీ పెద్దమ్మా నేనూ మా పెన్షన్‌లో కొంత పంపుతాం. నీ అకౌంటుకు కాదు, సంఘం అకౌంటుకు. రసీదు పుస్తకంలో మా పేర్లు రాయించి, ఆ నెల లెక్కలో కలిపి తలుపుకు అంటించు.

మీ పెదనాన్న